పేరమ్మ మూడో డబ్బా

బోగోలులో విత్తనపు వడ్లు ఏరే ఆడవాళ్లు ఏడుగురు ఉండేవాళ్లు. వాళ్లలో ఆరుగురికి తాము బాగా ఏరుతామని నమ్మకం. ఏడో మనిషి పేరమ్మ. తను బాగా ఏరుతానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మిగతా ఆరుగురికీ ఏరడం రాదని మాత్రం ఆమెకు ఖాయంగా తెలుసు. ఆ సంగతి వాళ్ల ముఖానే చెప్పేది కాబట్టి పక్కన కూర్చోవడానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్లు కారు. దానివల్ల కళ్లంలో ఆమెకు చోటు విశాలంగా దొరికేది.

భర్త ముత్యాలయ్య పందొమ్మిది వందల యాభై ఏడులో విషజ్వరంతో పోయాడు. అప్పటికి ఆమెకు ముప్పై దాటి రెండో మూడో ఉంటాయి. పిల్లల్లేరు, సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఒక పూరిల్లు, నాలుగు కోళ్లు, అత్త ఆదిశేషమ్మ నేర్పిపోయిన చేట పని. ఆదిశేషమ్మ కోడల్ని బతుకంతా కలిపి ఒక్కసారే మెచ్చుకుంది. అదీ పోయే ముందు, అదీ చేట పట్టుకునే తీరు గురించే.

ఆ పనికి ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. మామూలు కూలీలను మేస్త్రీ కేకేస్తే చాలు. విత్తనం ఏరే మనిషిని మాత్రం రైతే ముందురోజు సాయంత్రం ఆమె గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విడిచి, “రేపు మా కళ్లం” అని పిలవాలి. ఏరగా మిగిలిన తాలు, పొల్లు, చితుకు గింజ ఆమెవే. అడగనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు, కొంగున కట్టుకుని పోవడమే. మాఘమాసం వచ్చి మొలగొలుకుల వరి కోతకొచ్చిందంటే హజరత్తయ్య, అంటే ఊళ్లో అందరికంటే పెద్ద రైతు, ఎవరికీ వంగి ఎరగనివాడు, పేరమ్మ చూరు తగలకుండా తల వంచి నిలబడేవాడు. పేరమ్మకు ఏడాదంతటికీ అదొక్కటే పండగ. ఆ పిలుపు లేకపోతే తను ఊళ్లో మరో కూలి మనిషి అంతే. అది ఆమెకు తెలుసు, దాచుకునేది కూడా కాదు.

యాభై తొమ్మిదిలో ట్రంకు రోడ్డుకు తూర్పుగా, సర్వి చెట్ల తోటలకు ఇవతల, గవర్నమెంటు వాళ్లు పాతిక ఎకరాల్లో మొక్కజొన్న ఫారం పెట్టారు. ఆ ఊళ్లో మొక్కజొన్నను తిండిగింజ కింద లెక్కేసినవాడు లేడు. వాన పడేటప్పుడు బొగ్గుల మీద కాల్చుకుని కొరికే పొత్తు కోసం ఇంతమంది ఉద్యోగస్తులెందుకని నాలుగేళ్లు ఆశ్చర్యపోయి, తర్వాత ఆశ్చర్యపడటం మానేసి కూలికి వెళ్లారు. కళ్లాలు లేని రోజుల్లో పేరమ్మ కూడా వెళ్లింది.

ఫారం మేనేజరు పద్మనాభయ్యది దొరవారిసత్రం. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివి వచ్చాడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు, రిజిస్టర్లో రాయకుండా ఏ పనీ చేయడు. ఆయన కింద ఫీల్డుమాన్ ఆనందబాబు. కావలి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఆదివారం మాత్రం చర్చికి పోవాలి కాబట్టి వచ్చేవాడు కాదు.

అక్కడ పేరమ్మకు అప్పజెప్పిన పని సంచులు కట్టడం. మొక్కజొన్నకు తలమీద మగపూత జల్లు, నడుం దగ్గర పొత్తు, పొత్తు కొసన పీచు. జల్లులోని పుప్పొడి పీచు మీద పడితే గింజ కడుతుంది. ఏ మొక్క పుప్పొడి ఏ మొక్క మీద పడాలో పద్మనాభయ్య చెప్పేవాడు. అంతవరకూ గాలి జోక్యం చేసుకోకుండా జల్లుకీ పొత్తుకీ కాగితపు సంచులు తొడగాలి. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లు మెడలు తిప్పి చూసేవాళ్లు. ఏం చేస్తున్నారక్కడ అని ఊళ్లో అడిగితే పేరమ్మ, “ఏముండాది, ఇళ్లల్లో పెద్దోళ్లు చేసే పనే. ఎవురికెవురో వాళ్లు జెప్తారు, మనం ముసుగేస్తాం” అనేది.

అరవై అయిదులో ఉత్తరాది నుంచి ఒక పొట్లం వచ్చింది. అందులో ఉన్న గింజలు చూసి పేరమ్మ జాలిపడింది. మంచి మొక్కజొన్న గింజ అద్దంలా మెరుస్తుంది. ఇవి సుద్దముక్కల్లా ఉన్నాయి. వెలుగుకు పట్టుకుంటే అవతలివైపు ఏమీ కనపడదు. గోరుతో గీరితే పిండి రాలుతోంది.

“మబ్బు గింజలు. ఎవురో మిమ్మల్ని మోసం జేసినారు సారూ” అంది.

పద్మనాభయ్య నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు కాబట్టి ఆనందబాబు కూడా నవ్వాడు.

“మామూలు మొక్కజొన్నలో మాంసకృత్తులు ఉన్నా మన ఒంటికి సగమే పడతాయి పేరమ్మా. ఈ మబ్బు గింజలో ఉన్నవి దాదాపు పాలల్లో ఉన్నంతగా పడతాయి. పాలు కొనలేని ఇంట్లో పిల్లకు ఈ సంగటి పెడితే చాలు. కాకపోతే ఈ మొక్క మన నేలకు తట్టుకోదు. మన రకంతో కలిపి, మన నేలలో నిలబడే మబ్బు గింజను తీయాలి.”

“అంత మంచిదైతే దేవుడు దాన్ని కొంచెం సూడ్డానికి బాగా జేసుండకూడదా?” అని అడిగింది పేరమ్మ. ఈ ప్రశ్నకు జవాబు బాపట్లలో చెప్పలేదు.

కలిపారు. మొదటి పంటలో గింజలన్నీ మెరుస్తూ వచ్చాయి. రోగం కుదిరిందని పేరమ్మ సంతోషించింది. రెండో పంటలో ఒక్కో పొత్తులో మూడు మెరిసే గింజలకు ఒక మబ్బు గింజ చొప్పున తిరిగి కనపడ్డాయి. ఈసారి సంతోషించడం పద్మనాభయ్య వంతు. అరవై ఏడు మాఘంలో పొత్తులన్నీ కోసి, ఏ మొక్కవి ఆ మొక్క పక్కన చిన్న చిన్న కుప్పలుగా నేలమీద ఎండబోశారు. ప్రతి కుప్పకూ ఒక అట్టముక్క, అట్టముక్క మీద మొక్క నెంబరు. పద్మనాభయ్య రెండేళ్ల కష్టం ఆ అట్టముక్కల మీద ఉంది. ఆయన వాకాడులో చెల్లెలి పెళ్లికని రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాడు. రెండో రోజు ఆదివారం.

మాఘమాసంలో వాన రాదని అందరికీ తెలుసు. ఆకాశానికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. ఫారంలో పేరమ్మ, ఇంకో ఇద్దరు కూలీలు తప్ప ఎవరూ లేరు. పొత్తులు తడిస్తే బూజు పడతాయి. ఎవరూ ఆమెను ఏమీ చేయమనలేదు. చేయమనకపోయినా చేయడమే తన గొప్ప అనుకునే మనిషి ఆమె. ముగ్గురూ కూర్చుని పొత్తులన్నీ వొలిచారు, ఒకే రాశి చేసి షెడ్డులోకి చేర్చారు. వాన పది చుక్కలు రాలి వెళ్లిపోయింది. ఎటూ రాశి చేతిలో ఉంది కదా అని పేరమ్మ చేట తీసింది. సాయంత్రమయ్యేసరికి మెరిసే గింజలన్నీ ఒక గోతంలో పోసి మూతి కుట్టేసింది. అట్టముక్కలు ఒక్కటి కూడా పోనివ్వలేదు. అన్నిటినీ దారానికి గుచ్చి గోడ మేకుకు తగిలించింది. మబ్బు గింజలు రెండు మానికలు తేలాయి. అవి తాలు. కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

సోమవారం పొద్దున పద్మనాభయ్య పెళ్లి బట్టలతోనే షెడ్డులోకి వచ్చాడు. మేకుకు వేలాడుతున్న అట్టముక్కల దండను చాలాసేపు చూశాడు. తర్వాత గోతం కుట్లు విప్పి చేయి పెట్టాడు.

“ఇంత శుభ్రంగా ఎవరు ఏరారు?” అన్నాడు.

“నేనే సారూ” అంది పేరమ్మ. మెచ్చుకుంటాడని ఆమె అనుకుంది.

“మబ్బు గింజలు?”

“తాలు గదా. ఇంటికి తీసకపోయినా.”

పద్మనాభయ్య టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన, ఆనందబాబు, పేరమ్మ వరసగా ఊళ్లోకి నడిచారు. మేనేజరుగారు కూలి మనిషి ఇంటికి పోవడం ఊరు ఎప్పుడూ చూడలేదు కాబట్టి పని ఉన్నవాళ్లు కూడా ఆగి చూశారు. లెక్క తేలింది. పక్కింటి వెంకటశేషమ్మకు చేబదులు తీర్చింది కొంత. దాన్లో పిడికెడు దొరికింది. కుండలో సోలెడు మిగిలి ఉంది. కొంత ఆదివారం సాయంత్రమే విసిరి సంగటి చేసుకుంది. మిగతాది కోళ్లు తిన్నాయి. పద్మనాభయ్య వాకిట్లో తిరుగుతున్న పెట్టను నిదానంగా పరిశీలించాడు.

“సార్, అరిగిపోయుంటాది” అన్నాడు ఆనందబాబు.

“సంగటి ఎట్లా ఉంది?” అని అడిగాడు పద్మనాభయ్య.

“మెత్తగుండాది. రవ్వంత తీపి.”

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ రెండు మాటలూ రాసుకున్నాడు. రెండేళ్ల పనిలో సోలెడు గింజలు, రెండు మాటలు మిగిలాయి. అప్పుడు ఆయన ముఖం చూసి పేరమ్మకు మొదటిసారి భయం వేసింది. తిడతాడని కాదు. తిట్టడం రాని మనిషికి ఏదో పెద్ద నష్టం చేశానని.

మర్నాడు షెడ్డు తలుపుకు ఒక కాగితం అంటించారు. ఫారంలోంచి గింజ గానీ, పొట్టు గానీ, తాలు గానీ ఎవరూ బయటికి తీసుకుపోరాదు, పనికిరానిదంతా వెనక గుంటలో ఫీల్డుమాన్ ఎదుట కాల్చేయవలెను. పేరమ్మకు చదువు రాదు కాబట్టి ఆనందబాబు చదివి వినిపించాడు. ఆమె ఏమీ అనకపోయేసరికి అర్థం కాలేదేమోనని ఇంకో రెండుసార్లు చదివాడు. ఇక నుంచి ఆమెకు చేట పని లేదు, కలుపు తీయాలి. ఏడాది పొడుగునా తీసింది. కడుపు మండేది, తీసేది.

సోలెడు గింజలతోనే పద్మనాభయ్య మళ్లీ మొదలుపెట్టాడు. ఏడాదికి రెండు పంటలు తీస్తే అరవై ఎనిమిది మాఘానికి మళ్లీ పొత్తుల్లో మబ్బు గింజలు వచ్చాయి. ఈసారి ఏరడం ఆనందబాబు పని. అడుగున లాంతరు, పైన గాజుపలక, పలక మీద గింజలు. వెలుగు దూరనిది మబ్బు గింజ. శ్రద్ధగలవాడు, ప్రార్థన చేసుకుని కూర్చునేవాడు. రోజుకు ఆరు పొత్తులు అయ్యేవి. నాలుగో రోజుకు కళ్లు ఎర్రబడి అన్ని గింజలూ ఒకేలా కనపడసాగాయి.

పేరమ్మ కలుపుకత్తితో గుమ్మంలో నిలబడి చూసింది. “ఆ అంచునుండేది మబ్బు కాదు నాయనా. అదిగో, నీ వేలికిందిది గూడా” అంది.

ఆనందబాబు పలక మీద చూశాడు. నిజమే. లేచి మేనేజరు దగ్గరికి వెళ్లాడు. పద్మనాభయ్య కాసేపు ఆలోచించి, రెండు పాలపొడి డబ్బాలు తెచ్చి పేరమ్మ ముందు పెట్టాడు.

“ఇందులో మబ్బువి. ఇందులో మెరిసేవి. మెరిసేవి కాల్చేయడానికి. ఇంటికి కాదు.”

“తెలుసు సారూ. మూడుసార్లు సదివినారు.”

లాంతరు, పలక ఆమెకు అవసరం లేకపోయాయి. మబ్బు గింజ తేలిక. చేటలో రెండుసార్లు ఎగరేస్తే ముందుకు జారుతుంది. మిగిలిన అనుమానం బొటనవేలు తీర్చేది. కష్టమంతా మరోచోట ఉంది. మెరిసే గింజను పారేయడానికి ఆమె చేయి ఒప్పుకునేది కాదు. ఇరవై ఏళ్లుగా దాచుకోమని నేర్పిన వేళ్లకు ఇప్పుడు వదిలేయమని చెప్పాలి. మొదటి వారం పది గింజలు వేస్తే మూడుసార్లు డబ్బా మారిపోయేది. తిట్టుకుంటూ మళ్లీ తీసి వేసేది. మూడో వారానికి వేళ్లు లొంగాయి.

సరిగ్గా అప్పుడే హజరత్తయ్య ఇంజను బాగుచేసే మనిషి కోసం ఫారానికి వచ్చి షెడ్డులోకి తొంగిచూశాడు. పేరమ్మ నిగనిగలాడే గింజల్ని కాల్చే డబ్బాలో వేస్తోంది. పుచ్చిపోయినట్టున్న వాటిని ఒక్కొక్కటే ఏరి భద్రం చేస్తోంది. ఆయన వచ్చిన పని మర్చిపోయి ఇంటికి పోయాడు.

వారానికి మొలగొలుకులు కోతకొచ్చాయి. పేరమ్మ సాయంత్రాలు వాకిలి ఊడ్చుకుని కూర్చుంది. హజరత్తయ్య ఆ వీధిలోకి వచ్చాడు, పక్క గుమ్మం ముందు ఆగి చెప్పులు విడిచాడు. “వెంకటశేషమ్మా, రేపు మా కళ్లం” అన్నాడు.

పేరమ్మ గోడ దాటి వెళ్లి అడిగేసింది. “ఏందన్నా, నేను సచ్చిపోయినానా?”

“నీ కన్ను సచ్చిపోయింది పేరమ్మా. నేను సూసినా. తాలు దాస్తండావు, విత్తనం తగలబెడతండావు. నా వడ్లు గూడా అట్టా జేస్తే నేనేం గావాల?”

గవర్నమెంటు సంగతి, పాల సంగతి, ఒంటికి పట్టే సంగతి ఆమె చెప్పబోయింది. ఆ మాటలు పద్మనాభయ్య నోట్లో బాగున్నంతగా ఆమె నోట్లో బాగా లేవు. హజరత్తయ్య మాటను ఊరు పట్టుకుంది. ఆ ఏడు ఎవరి కళ్లానికీ ఆమెకు పిలుపు రాలేదు. ఆమె చాటుగా ఏడవలేదు, గుమ్మంలో కూర్చుని అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

ఆ కోపంతోనే ఫారంలో మూడో డబ్బా పెట్టింది. నిజానికి కోపం ఒక్కటే కాదు. ఏరుతుంటే కొన్ని గింజలు ఎటూ తేలడం లేదు. అడుగున మబ్బు, పైన అద్దం. తూకంలో మబ్బు గింజ కంటే బరువు, గోరు దిగదు. వందల్లో ఒకటో రెండో. వేరే డబ్బా వెతికి తెచ్చుకుని అందులో వేసింది. నెల తిరిగేసరికి పావు డబ్బా అయింది.

“ఇదేమిటి?” అన్నాడు పద్మనాభయ్య.

“సగం మబ్బు సారూ.”

“సగం అనేది ఉండదు పేరమ్మా. మబ్బైనా కావాలి, కాకపోనైనా కావాలి. ఇవి పరాయి పుప్పొడి పడి పుట్టినవి.”

ఆ మాటకు పేరమ్మ లేచి నిలబడింది. “సంచి కట్టింది నేను. నేను గట్టిన సంచిలోకి గాలి గూడా దూరదు. పరాయిదంట!”

“రిజిస్టర్లో రెండే గళ్లున్నాయి” అన్నాడు ఆయన నెమ్మదిగా.

“ముక్కపురుగు మబ్బు గింజను రెండు నెలల్లో పిండి జేసింది. ఈటి జోలికి రాలా. సూసినారా మీరు?”

ఆయన చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. కానీ పోయినసారి ఆమె సొంత తెలివి వల్ల ఏమైందో ఆయన మరచిపోలేదు. “కాల్చేయి” అన్నాడు. పేరమ్మకు ఆ క్షణాన డబ్బా కొంగున దాచుకోవాలనిపించింది. తలుపు మీద కాగితం ఉంది. తలుపు తీస్తే చాలు, ఇల్లు అరమైలు. ఆమె గుంట దగ్గరికి వెళ్లి, ఆనందబాబు చూస్తుండగా పావు డబ్బా గింజల్నీ మంటలో పోసింది. పేలాలు పేలినట్టు పేలాయి. కొన్ని ఎగిరి బయట పడితే వాటిని కూడా కాలితో లోపలికి నెట్టింది.

మంటలో పోయకముందే ఆనందబాబు పిడికెడు తీసుకున్నాడన్నది ఆమెకు తెలియదు. ఆమె ముఖం చూసి మనసు ఒప్పుకోక తీశాడు. పరీక్షకు ఉత్తరాది లాబొరేటరీకి పంపే పద్నాలుగు పొట్లాలతో పాటు పదిహేనోది పెట్టాడు. రిజిస్టర్లో నెంబరు లేదు కాబట్టి పొట్లం మీద ఏం రాయాలో తోచక ‘పేరమ్మ’ అని రాశాడు.

ఏడాది గడిచింది. మళ్లీ మాఘం వచ్చింది, మళ్లీ పిలుపు రాలేదు. హజరత్తయ్య కళ్లంలో గడ్డి మోయడానికి మేస్త్రీ కేకేస్తే పేరమ్మ వెళ్లింది. చేట దగ్గర వెంకటశేషమ్మ కూర్చుంది. పదడుగుల దూరంలో గడ్డి మోపు దించుతూ, ఆమె ఏరుతున్న తీరు చూసి పేరమ్మ పళ్లు కొరుక్కుంటోంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచింది. అప్పుడు పద్మనాభయ్య, వెనకే ఆనందబాబు, గట్ల మీద పడుతూ లేస్తూ వచ్చారు. ఆయన చేతిలో ఉత్తరం ఉంది. తలమీద టోపీ లేదు.

“పేరమ్మా, లాబొరేటరీ నుంచి జవాబు వచ్చింది” అన్నాడు ఆయాసపడుతూ. “పేరమ్మ అనే రకం గింజ గట్టిగా ఉందట. గింజ గట్టిపడినా మాంసకృత్తుల నాణ్యతలో మబ్బు గింజకు ఏమీ తీసిపోలేదట. రైతులకు కావలసింది అదే. పురుగు పట్టదు, తూకం వస్తుంది, మెరుస్తుంది. పేరమ్మ తల్లిదండ్రుల వివరాలతో సహా రెండు కిలోల విత్తనం వెంటనే పంపమంటున్నారు.”

“మా అమ్మా నాయనా పొయ్యి శానా ఏండ్లయింది సారూ” అంది పేరమ్మ, ఆయన దేనికి వచ్చాడో ఇంకా అర్థం కాక.

ఆనందబాబు విడమరిచి చెప్పాడు. పిడికెడు తీసిన సంగతి, పొట్లం మీద పేరు రాసిన సంగతి, తల్లిదండ్రులంటే మొక్కలేనన్న సంగతి. కళ్లంలో చేతులన్నీ ఆగిపోయాయి. పద్మనాభయ్య గొంతు తగ్గించాడు. “ఆ రోజు నువ్వు అన్నీ కాల్చి ఉండవు. కొన్నయినా ఇంటికి తెచ్చుకునే ఉంటావు. నేనేమీ అనను. పోయినసారి కుండలో సోలెడు ఉండలేదా? అట్లా చూడు.”

ఆమె దొంగతనం చేసి ఉండాలని ఆయన మనసారా కోరుకుంటున్నాడు.

“ఒక్క గింజ లేదు సారూ. మీరు కాల్చమన్నారు. కాల్చినా.”

“ఈ ఏడాది పంటలో?”

“ఈ ఏడు గూడా కాల్చినా. మీరు జెప్పినట్టే.”

పద్మనాభయ్య ప్యాంటు సంగతి మరచి గడ్డి మీద కూలబడ్డాడు. “నీ కన్ను సరిగ్గానే చూసింది. తప్పు నాది. అందరి ముందూ చెబుతున్నాను, తప్పు నాదే” అన్నాడు.

పేరమ్మకు గెలిచినట్టు అనిపించలేదు. బతుకులో ఒక్కసారి చెప్పిన మాట బుద్ధిగా విన్నందుకు ఆమెకు తనమీద తనకే కోపం వచ్చింది.

హజరత్తయ్యకు మాంసకృత్తుల గురించి ఏమీ అర్థం కాలేదు. ఒక ఆఫీసరు కూలి మనిషి ముందు గడ్డి మీద కూర్చుని తప్పు నాది అన్నాడు, అంతవరకూ అర్థమైంది. అది చాలు. ఆయన వెంకటశేషమ్మ వైపు తిరిగి చేయి ఊపాడు. వెంకటశేషమ్మ లేచి, ముఖం మాడ్చుకుని చేట తెచ్చి పేరమ్మ చేతిలో పెట్టింది.

“కూర్చో పేరమ్మా. మిగతా రాశి నువ్వే ఏరు. వొచ్చే ఏడు నేనే వొచ్చి పిలుస్తా” అన్నాడు హజరత్తయ్య.

ఏడాదిగా ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. కాళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. రెండు దోసిళ్ల వడ్లు పోసుకుని ఒకసారి ఎగరేసింది. రెండోసారి ఎగరేయబోయి ఆగింది.

“సారూ, షెడ్డులో మూడు గోతాల మబ్బు గింజలు మూతి కుట్టి ఉండాయి గదా. అయ్యి ఎవురేరింది?”

“రెండు నువ్వు. నువ్వు రాని రోజుల్లో ఒకటి ఆనందబాబు.”

“ఆనందయ్య ఏరిన దాంట్లో తప్పులుంటాయి” అంది పేరమ్మ. “సగం మబ్బుయి కొన్నన్నా వొదిలుంటాడు.”

ఆనందబాబు దీన్ని ఖండించలేదు. పద్మనాభయ్య లేచాడు, వెంటనే ముఖం వాడిపోయింది. “ఎల్లుండి పొద్దున లారీ వస్తుంది. మూడు గోతాలూ ఇంకో ఫారానికి పోతాయి. ఆపడం నా చేతుల్లో లేదు.”

పేరమ్మ హజరత్తయ్య వైపు చూసింది. “అన్నా, రెండు రోజులు ఓపిక పట్టు. వొచ్చి నీ రాశి ఏరిపెడతా.”

“గాలి నీ కోసం రెండు రోజులు ఆగతాదా?” అన్నాడు హజరత్తయ్య. ఊరందరి ముందు ఇచ్చింది ఊరందరి ముందే తిప్పికొట్టడం ఆయనకు ఎప్పుడూ జరగలేదు. “పొయ్యేదైతే పో. మళ్లీ నా కళ్లానికి రావాకు. నా కాలు నీ గుమ్మం తొక్కదు.”

పేరమ్మ చేటలోని వడ్లను రాశి మీద పోసింది. చేటను వెంకటశేషమ్మకు ఇచ్చి, “బొటనేలు ఆడించు, అన్ని వేళ్లూ గాదు” అని చెప్పి లేచింది. గట్ల మీద ముగ్గురూ వరసగా నడుస్తుంటే ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వెళ్లకూడదని ఎంతగానో అనిపించింది, కానీ ఆగలేదు.

రెండు రోజుల్లో గోతమంతా చేటలో పడి లేచింది. నలభై ఒక్క సగం మబ్బు గింజలు దొరికాయి. తన తప్పులు ఇన్నేనా అని ఆనందబాబు కొంచెం నిరాశపడ్డాడు. లారీ వచ్చి గోతాలు ఎక్కించుకుని పోయింది. పద్మనాభయ్య రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి మూడో గడి గీశాడు.

హజరత్తయ్య చాలా విషయాల్లో మాట తప్పిన మనిషి. కాలవ నీళ్ల వంతుల దగ్గర, కూలి రేట్ల దగ్గర, వియ్యంకుడికి ఇస్తానన్న ఎద్దుల దగ్గర తప్పాడు. ఈ ఒక్క మాట మాత్రం పోయేదాకా నిలబెట్టుకున్నాడు. ఆయన పిలవని మనిషిని ఊళ్లో మరొకరు పిలవలేదు. లారీ పోయిన సాయంత్రం కళ్లంలో తూర్పారపట్టే చప్పుడు ఇంటిదాకా వినపడుతుంటే పేరమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. పొద్దున లేచి ఫారానికి వెళ్లి, మేనేజరుగారు బోదెల మీద తాడు పట్టుకుని నిలబడితే, నలభై ఒక్క గింజల్నీ జానెడు దూరానికి ఒకటి చొప్పున తన చేత్తోనే నాటింది.